ఉప్పునీళ్ళు తేరేదాకా

ఈశ్వరయ్యకు ఆగటం చేతకాదు. పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతుండగానే మూత తీసి మెతుకు పట్టి చూస్తాడు. ఎదుటి మనిషి సగం మాట అనగానే మిగతా సగం తానే పూరించి, దానికి జవాబు కూడా తానే చెప్పేస్తాడు. ఆయనతో పని ఉంటే అసలు సంగతి మొదటి ముక్కలోనే చెప్పెయ్యాలని మాచర్ల నాపరాళ్ళ క్వారీలో అందరికీ తెలుసు. ఒక్క రాయి దగ్గరే ఆయన వేరే మనిషి. పొర విడదియ్యాలంటే గీత పొడుగునా సుత్తితో తట్టుకుంటూ, ఆ చప్పుడు వింటూ గంటసేపైనా కూర్చుంటాడు. అక్కడ తొందరపడితే పలక అడ్డంగా విరిగి, పొద్దుటినుంచీ పడ్డ కష్టమంతా దండగవుతుంది.

అలాంటి మనిషి భార్య చెన్నమ్మకు, విశాఖపట్నంలో బాంబులు పడ్డ ఏడాది, ఎండాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పూర్తిగా పోలేదు గాని, ఒక్కొక్క ముక్కా లోతు బావిలోంచి చేదినట్టు వచ్చేది. గుంటూరు నుంచి వచ్చిన డాక్టరు ఆమెను చూసి, ఈశ్వరయ్యను వసారాలోకి పిలిచి, "ఇది ఇంకోసారి వస్తే మనిషి దక్కదు. ఎప్పుడొస్తుందో చెప్పలేం. వారం కావచ్చు, ఏడాది కావచ్చు" అన్నాడు. చెన్నమ్మకు వినబడదని ఇద్దరూ అనుకున్నారు. ఆమె చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి.

ఆమె మాట కోసం కాసుకుని కూర్చోవటం ఈశ్వరయ్యకు తలకు మించిన పనైంది. ఆమె "మ... మ..." అనేలోపే, "మజ్జిగా? మంచినీళ్ళా? మందా?" అంటూ మూడూ తెచ్చి ముందు పెట్టేవాడు. ఆమెకు కావలసింది మంచం కాస్త కిటికీ వైపు జరపటం. చెప్పలేక, మొహం గోడ వైపు తిప్పుకునేది. ఆయన ఆ మూడూ పట్టుకుని బిక్కమొహం వేసేవాడు.

ఒక సాయంత్రం, పొరుగింటి రాములమ్మ గంజి తాగిస్తుండగా, చెన్నమ్మ ఒక మాట కోసం చాలాసేపు పెనుగులాడింది. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు ఆగిపోయింది. ఐదోసారి, "సముద్రం... చూడలా... నేను" అంది.

ఈశ్వరయ్యకు ఎక్కడో కలుక్కుమంది. పెళ్ళైన నాటినుంచీ, మాఘ పున్నమికి సముద్ర స్నానానికి తీసుకుపోతానని చెబుతూనే ఉన్నాడు. ఏటా ఏదో ఒక పని అడ్డం వచ్చేది. ఒకసారి పలకల లోడుతో ఆయన ఒక్కడే బాపట్ల దాకా వెళ్ళాడు. తిరిగొచ్చాక, సముద్రం ఎట్లా ఉందని ఆమె చెంగు చేత్తో పట్టుకుని ఆశగా అడిగితే, "ఏముందే, నీళ్ళు!" అని కాళ్ళు కడుక్కోవటానికి పోయాడు. ఇప్పుడు తీసుకుపోదామంటే ఆమె రైల్లో కూర్చోలేదు. పైగా యుద్ధం భయానికి సముద్రపొడ్డున ఉన్న జనమే ఇటు వచ్చి పడుతున్నారు.

అట్లా వచ్చినవాళ్ళలో దూదేకుల బాజీ ఒకడు. పన్నెండేళ్ళు మద్రాసులో, సముద్రపు చేపల్ని అద్దాల తొట్లలో పెట్టి జనానికి చూపించే చోట నీళ్ళు మోసే పని చేశాడు. యుద్ధంతో అది మూతపడితే సొంత ఊరు మాచర్ల చేరాడు. ఈశ్వరయ్య వాడిని టీకొట్టు దగ్గర పట్టుకుని, "ఒరేయ్ బాజీ, సముద్రాన్ని మా ఇంటికి తేవాల" అన్నాడు.

బాజీ నవ్వలేదు. చెన్నమ్మ సంగతి వాడికి తెలుసు. "తేవచ్చన్నా. అయితే చానా ఓపిక కావాల" అన్నాడు.

"ఓపిక సంగతి తర్వాత. తొట్టి ఎంతుండాలో చెప్పు."

రెండు మూరల పొడుగు, మూరెడు ఎత్తు. ఈశ్వరయ్య మూడు వైపులకూ అడుక్కీ నున్నటి నాపరాళ్ళు చెక్కాడు. నాలుగో వైపుకు, నరసరావుపేటలో మూసేసిన ఒక బట్టల కొట్టు బీరువాలోంచి మందపాటి అద్దం సంపాదించాడు. సందుల్లో గుగ్గిలం కాచి పోశారు. చెన్నమ్మ పడుకుంటే కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉండేట్టు మంచం పక్కన దిమ్మ కట్టి దాని మీద తొట్టి పెట్టారు. తర్వాత ఇద్దరూ రైల్లో బాపట్ల వెళ్ళి నాలుగు చెక్క పీపాల్లో సముద్రపు నీళ్ళూ, కాస్త ఇసకా, కాలవ సముద్రంలో కలిసే మొగలో దొరికిన, గుల్ల బొడిపెలు పట్టిన రాళ్ళూ, ఇంత పచ్చటి నాచూ తెచ్చారు.

స్టేషనులో దిగాక, ఈశ్వరయ్య చేతిలో గుడ్డ కట్టిన కుండ ఒకటి అదనంగా ఉండటం బాజీ చూశాడు. గుడ్డ తీస్తే లోపల ఐదు చేపలు. వేలెడేసి ఉన్నాయి, ఒంటి మీద నల్లటి చారలు.

"ఏందన్నా ఇది? చెప్పాగా నీకు! ముందు నీళ్ళూ రాళ్ళూ నాచూ, అంతే. ఆ నీళ్ళు ఒకసారి చెడాల, మళ్ళీ తేరుకోవాల. నలభై రోజులు పట్టుద్ది. అప్పుడు ఒక్క చేప. అది నిలబడితే, ఇంకో నెలకి ఇంకోటి."

"నలభై రోజులా?" ఈశ్వరయ్య ప్లాట్‌ఫారం అదిరేట్టు అరిచాడు. "ఆమెకి నలభై రోజులుండయ్యని నీకెవడు చెప్పాడ్రా?"

బాజీ కుండకు గుడ్డ మళ్ళీ కట్టి ఆయన చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం ఐదు చేపలూ తొట్టిలో తిరిగాయి. చెన్నమ్మ వాటినే చూస్తూ గంజి తాగటం మరిచిపోయింది. ఈశ్వరయ్య అంత గర్వంగా ఎన్నడూ లేడు. వీధిలో పోయేవాళ్ళను కూడా పిలిచి చూపించాడు.

నాలుగో రోజుకు నీళ్ళు మసకబారాయి. ఐదో రోజుకు అద్దం అవతల ఏముందో కనిపించలేదు. అది మామూలేననీ, ముట్టుకోవద్దనీ, పొద్దునా సాయంత్రం ముంతతో ముంచి, గాలి కలిసేట్టు ఎత్తునుంచి పోస్తుంటే చాలనీ బాజీ చెప్పి గురజాల వెళ్ళాడు, ఏదో పెళ్ళికి. ముట్టుకోవద్దంటే ఈశ్వరయ్యకు చేతులు దురదపెట్టాయి. పల్నాట్లో బావినీళ్ళు పాడైతే ఏం చేస్తారో పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. సున్నం వేస్తారు. ఈశ్వరయ్య తన బావికి ఏటా వేస్తాడు. బట్టీ నుంచి అప్పుడే తెచ్చిన పిడికెడు సున్నపు గడ్డ తొట్టిలో పడేసి, "రేపటికి అద్దమల్లే అవుతయ్యి, చూస్తుండు" అని చెన్నమ్మకు చెప్పి క్వారీకి పోయాడు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి నీళ్ళు పాలలా ఉన్నాయి. చేపలు ఐదూ పైకి తేలి ఉన్నాయి. ఈశ్వరయ్య గబగబా తుండుగుడ్డ తీసి తొట్టి మీద కప్పబోయాడు. "పడుకున్నయిలే. పగలు పడుకుంటయంట అవి" అన్నాడు.

చెన్నమ్మ ఎడమ చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో ఇంకా బలం ఉంది.

"చచ్చి... పొయినయ్యి. నేను... చూశా." కాసేపు ఊపిరి తీసుకుంది. "కొట్టుకున్నయ్యి... చానాసేపు. నాకు... కేకెయ్యటం... రాలా."

ఈశ్వరయ్య నేల మీద చతికిలపడ్డాడు. ఆమె ఒంటరిగా పడుకుని, కళ్ళెదుటే ఐదు ప్రాణాలు పోతుంటే నోరెత్తలేక చూసిందన్న ఊహ ఆయన్ని నిలువునా కోసేసింది. "నీకు తొందరగా చూపిద్దామనే... నువ్వు మళ్ళీ..." అని ఆగిపోయాడు.

"డాక్టరు... చెప్పింది... విన్నాలే" అంది చెన్నమ్మ.

తర్వాత ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన ఏదో అందించబోతే తల అడ్డంగా ఊపింది. ఈసారి తన మాట తానే పూర్తి చెయ్యాలన్న పట్టుదల ఆమె మొహంలో కనబడింది. ఆయన నోరు మూసుకున్నాడు.

"రాయి దగ్గర... ఆగుతావు గదా. ఇక్కడ గూడా... ఆగు. బాజీ... చెప్పినట్టు... చెయ్యి."

"మరి నువ్వు..."

"నేనూ... ఆగుతా."

సున్నం పోయేదాకా తొట్టి కడిగారు, ఎండబెట్టారు, మంచినీళ్ళు నింపి పారబోశారు, మళ్ళీ నింపారు. బాజీ ఒక్క దెప్పుడు మాట కూడా అనకుండా మళ్ళీ బాపట్ల వెళ్ళొచ్చాడు. ఈసారి నీళ్ళూ, ఇసకా, రాళ్ళూ, నాచూ మాత్రమే వచ్చాయి.

మొదటి వారం ఈశ్వరయ్యకు నరకం. క్వారీ నుంచి వచ్చీ రాగానే తొట్టి ముందు కూలబడేవాడు. చూడటానికి ఏముంది అందులో? నాలుగు రాళ్ళు, మసక నీళ్ళు. తర్వాత కంపు మొదలైంది. రాములమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏంది బావా, ఇంట్లో ఎవరన్నా ఈ కంపు పెట్టుకుంటారా?" అంది. ఈశ్వరయ్య నీళ్ళు మార్చెయ్యటానికి రెండుసార్లు ముంత చేత్తో పట్టుకుని లేచాడు. రెండుసార్లూ మంచం మీంచి "ఊఁ" అని వినబడింది. ముంతతో ముంచి, ఎత్తునుంచి పోసి, మళ్ళీ కూర్చున్నాడు.

తొట్టిలో ఏముందో ముందు కనిపెట్టింది చెన్నమ్మే. రోజంతా అద్దానికి ఎదురుగా ఉండేది ఆమె కదా. ఒక సాయంత్రం వేలు చూపించింది. ఆయనకేమీ కనబడలేదు. "చూడు" అంది. చూశాడు. ఏమీ లేదు. "ఇంకా... చూడు" అంది. ఆయన రాతికి చెవి పెట్టినప్పుడు కూర్చున్నట్టు కూర్చున్నాడు. కాసేపటికి, రాతిని పట్టుకున్న ఒక బొడిపె నోరు తెరుచుకుంది. అందులోంచి వెంట్రుకంత సన్నటి చెయ్యి బయటికొచ్చి నీళ్ళను తనవైపు దువ్వుకుని లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. దాని పక్కది కూడా మొదలుపెట్టింది. "ఓరి నీ తస్సాదియ్యా!" అన్నాడు ఈశ్వరయ్య. చెన్నమ్మ మొహం ఒక పక్కే నవ్వింది.

ఆ తర్వాత ఆయన్ని క్వారీలో సాయంత్రం దాకా ఉంచటం మేస్త్రీ వల్ల కాలేదు. ఎండకు తొట్టిలో నీళ్ళు తగ్గినప్పుడల్లా అద్దం మీద బొగ్గుతో గీసిన గీత దాకా బావినీళ్ళు పోసేవాడు. ఉప్పు ఎక్కడికీ పోదనీ, నీళ్ళే ఆవిరవుతాయనీ బాజీ చెప్పాడు. కంపు తగ్గింది. రాళ్ళ మీద పచ్చటి నూగు పట్టింది. చెన్నమ్మ పొద్దుటినుంచీ చూసినవన్నీ ఆయనకు చెప్పేది. ఒక్కో సంగతి చెప్పటానికి పావుగంట పట్టేది. నాచు మీద బుడగలు ఎప్పుడు లేచాయో, ఏ బొడిపె సోమరిదో. ఆయన వినేవాడు. మధ్యలో మాట అందించటం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు. సముద్రం గురించి ఆయన కూడా చెప్పాడు. అల ఎట్లా లేస్తుందో, వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసక ఎట్లా లాగుతుందో, ఆ మోత ఊళ్ళోకి ఎంతదూరం వినిపిస్తుందో. ఇవన్నీ అప్పుడు ఎందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. చెప్పనందుకు ఆయనే సిగ్గుపడ్డాడు.

బాజీ రోజూ వచ్చి, దోసిట్లో నీళ్ళు తీసి వాసన చూసి, "ఇంకా లేదన్నా" అని పోయేవాడు. నలభై రెండో రోజున వాసన చూసి ఏమీ అనకుండా బాపట్ల రైలెక్కాడు.

మర్నాడు ఒకే ఒక్క చేపతో వచ్చాడు. చారల చేపే. కుండలోని నీళ్ళకు తొట్టి నీళ్ళను చెంచాడు చెంచాడు కలుపుతూ, దానికి కొత్త నీళ్ళు అలవాటు చెయ్యాలన్నాడు. ఆ పని ఈశ్వరయ్య తీసుకున్నాడు. సమ్మెట కొట్టే చేత్తో చెంచా పట్టుకుని, ఒక్కొక్క చెంచాకూ పది అంకెలు లెక్కపెట్టుకుంటూ, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా పోశాడు. తర్వాత కుండ మెల్లిగా వంచాడు. చేప బయటికొచ్చి, రాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి, అద్దం దగ్గరికి వచ్చి చెన్నమ్మ ఎదురుగా నిలబడింది. ఆమె ఎడమ చెయ్యి అద్దానికి ఆనించింది. ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఈశ్వరయ్య తుడవబోయి, కారనీలే అని మానుకున్నాడు.

వారం గడిచినా చేప హుషారుగానే ఉంది. బాజీ నీళ్ళు చూసి, "బాగున్నయ్యన్నా. నేను నెలన్నాగానీ, కావాలంటే ఈ వారంలోనే ఇంకోటి తెస్తా" అన్నాడు. అంటూ మంచం వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. వాడు ఎందుకట్లా అన్నాడో ఈశ్వరయ్యకు అర్థమైంది. తెమ్మనటానికి నోరు తెరిచాడు. అప్పుడే మంచం మీద చెన్నమ్మ ఒక మాట మొదలుపెట్టింది.

ఇద్దరూ ఆగారు. ఆ మాట రావటానికి చాలాసేపు పట్టింది.

"తొందరేంది... బాజీ. నెల... ఆగుదాం."

నెల అంటే ఎన్ని రోజులో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. ఈశ్వరయ్య మంచం పక్కన కూర్చుని, ఆమె కదలని చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"ఆగుదాం చెన్నమ్మా" అన్నాడు. "నెలేగా."