గాలి తొడుక్కున్న గౌను

రోజూ పొద్దున ఎనిమిదింటికి వాతావరణ ఆఫీసు ఉద్యోగి తన ఇంటి మేడెక్కి, గాలి ఎటునుంచి వీస్తోందో, దాని ఒత్తిడెంతో రిజిస్టర్లో రాసి, వీధిలోకి ఒక్క కేకేసేవాడు: "ఆరేసుకోండి!" ఆ కేక వినందే ఒక్క తువ్వాలు కూడా తీగెక్కేది కాదు.

ఏటా చలికాలం మొదట్లో మంచు సముద్రాల మీంచి ఒక గాలి వచ్చేది. పాపం, అంత దూరం ఒంటిమీద నూలుపోగు లేకుండా వచ్చిన గాలి కదా, కనబడ్డ బట్ట తొడుక్కునేది. ఎవరి బట్ట తొడుక్కుంటే వాళ్ళు దాని వెంట వెళ్ళిపోవాల్సిందే. నిరుడు బేకరీ ఆయన అలాగే పోయాడు, చేతుల పిండైనా కడుక్కోకుండా.

ఈ ఏడు చలికాలం మొదట్లో ఒక పొద్దున, ఒత్తిడి కొలిచే యంత్రం ముల్లు ఉన్నట్టుండి పైకి లేచింది. ఉద్యోగి దాన్ని వేలితో రెండుసార్లు కొట్టి, "ముసలి యంత్రం, మళ్ళీ వేషాలేస్తోంది" అనుకుని, నిన్నటి అంకే రాసేసి కేకేశాడు.

వాళ్ళావిడ మొదట ఆరేసింది కూతురి పసుపు గౌను.

"ఏమండీ!" అన్న అరుపుకి అతను పడుతూ లేస్తూ కిందికొచ్చాడు. తీగ మీద గౌను ఉబ్బుతోంది. ముందు పొట్ట, తర్వాత చేతులు. ఆరేళ్ళ పిల్ల గుమ్మంలోంచి, "అమ్మా, వెళ్ళొస్తా" అంది, బడికి బయల్దేరినట్టు. తల్లి పిల్ల నడుం పట్టుకుని లాగుతున్నా దాని కాళ్ళు ముందుకి జారుతూనే ఉన్నాయి.

"దేవుడా, ఎంత పని చేశాను!" అంటూ అతను గుండీలు తెంపుకుని తన చొక్కా తీగ మీద పడేశాడు. గాలి కాసేపు తటపటాయించింది. గౌను వాలిపోయింది, చొక్కా నిండింది.

"భయమేస్తోందే," అన్నాడు భార్యతో. కాళ్ళు అప్పుడే వీధి మలుపు వైపు తిరిగాయి. "ఎండలు ముదిరాక ఆ గాలే వెనక్కి మళ్ళుతుంది. ఆ రోజు నాదో చొక్కా ఆరెయ్యి, దాని వెంట వచ్చేస్తా. ఆ ఒక్క రోజే సుమా."

"మరి బేకరీ ఆయన రాలేదుగా?"

"ఆయన బట్టలన్నీ తమ్ముడు పంచిపెట్టేశాడు కదే! నువ్వు మాత్రం..."

"నోర్ముయ్యండి. ఆరేస్తాను," అంది ఏడుస్తూ.

ఆ మర్నాటినుంచి ఎనిమిదింటికి మేడెక్కింది ఆవిడే. ఆ గాలి మళ్ళే రోజు తప్పిపోతుందేమోనని రాత్రుళ్ళు కునుకు లేదు. ఉతికిన చొక్కా పట్టుకుని పిల్ల కిందనుంచి రోజూ అడిగేది, "ఇవాళేనా అమ్మా?"

ఎండలు ముదిరిన ఒక పొద్దున ముల్లు బాగా కిందికి పడిపోయింది. కొట్టి చూద్దామని ఆవిడ వేలు లేచింది. గబుక్కున వెనక్కి లాక్కుంది. ఉన్న అంకె ఉన్నట్టు రాసి, "ఆరెయ్యవే!" అని కేకేసింది.

తీగ మీద చొక్కా కదిలింది. ముందు చేతులు ఉబ్బాయి, చాలాసేపటికి పొట్ట.

పిల్ల దగ్గరికెళ్ళి తేరిపార చూసింది.

"అమ్మా, నాన్న చిక్కిపోయాడే!"