ఎడమచేతి ముడి

ఏ రోజూ లేనిది, ఆ ఉదయం ఐదూ యాభైకి ఆమె పురికొసను నీళ్ళలో ముంచింది. రెండు పేటలుగా మెలిపెట్టి, బోను తలుపు చువ్వకూ పక్క చువ్వకూ కలిపి మూడు చుట్లు తిప్పి, ముడి వేసి, మడమ బోనుకు ఆనించి లాగింది. తడిపి కట్టిన ముడి ఎండాక వేళ్ళకు లొంగదు. పుస్తకాల గోడౌన్‌లో ఇరవై రెండేళ్ళుగా కట్టలు కడుతున్నవాళ్ళకు అది తెలుసు.

బోనులో కుక్క తోక ఆడించింది. దానికి పదకొండు నెలలు. గడియ ఎప్పుడో విరగ్గొట్టింది, అందుకే తాడు. అంతకుముందు పరుపు చీల్చింది, చెప్పులు మూడు జతలు తినేసింది. గ్యాస్ ట్యూబు కొరికిన రోజున ఆమె బోను కొనుక్కొచ్చింది.

"బుడ్డోడా, అల్లరి చేయకు" అని చెప్పి, గిన్నెలో నీళ్ళు పోసి, ఆమె వీధిలోకి నడిచింది. ముందు వాకిట్లో చెల్లెలి సామాను అట్టపెట్టెల్లో సర్ది ఉంది. మరిదికి బదిలీ అయింది. మధ్యాహ్నం మూడింటికి వ్యాను.

ఇంట్లో ఒక వాటా ఆమెది, పక్క వాటా చెల్లెలిది. వెనక వరండా రెండు వాటాలకూ ఒకటే. బోను అక్కడే ఉంటుంది. ఆమె ఆరున్నరకు పనిలోకి ఎక్కితే సాయంత్రం ఆరున్నరకు దిగుతుంది.

ఐదు నెలల క్రితం ఒక సాయంత్రం ముడి విప్పబోయి ఆగింది. చుట్లు సరిగానే ఉన్నాయి, ముడి సరిగానే ఉంది. కొస మాత్రం కుడివైపు తేలింది. ఆమె వేస్తే ఎడమవైపు తేలుతుంది. గోడౌన్ నుంచి వెళ్ళిన కట్ట ఎక్కడైనా ఊడి వెనక్కి వస్తే, ఎవరు కట్టారో ముడి చూసి చెప్పేది ఆమే. ఈ ముడి ఎవరిదో చెప్పడానికి రెండోసారి చూడక్కర్లేకపోయింది. చెల్లెలిది ఎడమచేతి వాటం. అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్ళు, తనకు పద్నాలుగు. బూటు లేసు ముడి నేర్పింది తనే. కుడిచేత్తో వెయ్యమని ఎంత చెప్పినా వినలేదు.

ఆమె ఏమీ అనలేదు. రోజూ కొస కుడివైపే తేలేది. రోజూ విప్పేది. కుక్క వచ్చి ఆమె చెయ్యి వాసన చూసి, రెండు చుట్లు తిరిగి, వెళ్ళి చెల్లెలి వాటా గోడకు ఆనుకుని పడుకునేది. అలసిపోయిన కుక్క పడుకున్నట్టు పడుకునేది. గోడ అవతలి నుంచి నవ్వు వినిపిస్తే చెవులు లేచేవి.

చిన్నప్పుడు నాన్న పని నుంచి వచ్చి మొదట పిలిచే పేరు చెల్లెలిది. ఇంటి ఓనరమ్మ ఊరెళ్తే తాళంచెవి ఇచ్చి వెళ్ళేది చెల్లెలికి. కుక్కను మాత్రం గోడౌన్‌లో చిత్తుకాగితాల మధ్య నుంచి ఏరి, అట్టపెట్టెలో పెట్టి ఆమే తెచ్చుకుంది. ఎవరినీ అడగలేదు. ఎవరితోనూ పంచుకోలేదు.

ఇవాళ్టికి సెలవు దొరకలేదని చెల్లెలికి చెప్పింది. అసలు అడగలేదు.

పదకొండింటికి గోడౌన్‌లో పక్కన చీటీలు అతికించే అమ్మాయి అంది: "ఏంటక్కా, ఇవాళ అలా బిగించేస్తున్నావు? పుస్తకాలు లేచి పారిపోతాయనా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె చేతిలో ఉన్న కట్టను చూసింది. తాడు కింద అట్ట కోసుకుపోయింది. ఆ కట్ట విప్పి మళ్ళీ కట్టింది. తర్వాతి కట్టకూ అట్ట కోసుకుపోయింది.

ఒకటింబావుకు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది.

"సగం రోజు సెలవా? నువ్వా?" అన్నాడతను. "ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదు సార్. మా చెల్లి ఊరెళ్తోంది."

ఇంటికి చేరేసరికి రెండూ ముప్పై ఐదు. వ్యాను ముందే వచ్చింది. చెల్లెలు వరండాలో బోను ముందు నేల మీద కూర్చుని ఉంది. రెండు గోళ్ళు విరిగాయి. కుక్క చువ్వల్లోంచి మూతి పెట్టి ఆ వేళ్ళు నాకుతోంది.

"ఇదేం ముడే అక్కా" అంది చెల్లెలు. "పొద్దుట్నుంచీ దీంతోనే చస్తున్నా."

"కోసెయ్యకపోయావా?"

"కోస్తే నేను రోజూ తీస్తున్నానని నీకు తెలిసిపోదూ?"

"తెలిసి ఐదు నెలలైంది. కొస ఎటుందో చూడనా?"

చెల్లెలు తన చేతులు చూసుకుంది. "అచ్చం నీలాగే కట్టాననుకున్నా. వీడు లోపల ఏడుస్తుంటే వినలేకపోయానక్కా. నాతో ఒక్క మాట అనకపోయావా?"

ఆమె నడుముకు దోపుకున్న గోడౌన్ కత్తి తీసి, ముడికి పక్కగా తాడు కోసింది. కుక్క బయటికి దూకి చెల్లెలి భుజాల మీద కాళ్ళు వేసింది. తర్వాత వచ్చి ఆమె చెయ్యి వాసన చూసింది. మళ్ళీ చెల్లెలి దగ్గరికే వెళ్ళింది.

"వదినా, వ్యానతను గొణుగుతున్నాడు" అన్నాడు మరిది గుమ్మం నుంచి.

ఆమె లోపలికి వెళ్ళి గొలుసు, గిన్నె, కొరికి పారేసిన చెప్పు ఒకటి తెచ్చి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"గ్యాస్ ట్యూబు దగ్గరికి రానియ్యకు."

"అక్కా, వీడు నీవాడే."

"పన్నెండు గంటలు నేను ఇంట్లో ఉండను. నువ్వుంటావు. ఎక్కించు."

"నీకు కోపమా?"

"ఎక్కించవే, ఆలస్యమవుతోంది."

మూడూ పదికి వ్యాను కదిలింది. మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గర నిలబడింది. కుక్క చెల్లెలి ఒళ్ళో ఉంది. తల ఎటు తిప్పి ఉందో కనిపించలేదు.

వరండాలో బోను తలుపు తెరిచి ఉంది. కోసిన తాడు చువ్వకు వేలాడుతోంది. ముడి విడలేదు. కొస ఎడమవైపు ఉంది.