గోడకు ఆనుకున్న ఇల్లు

మా పిన్ని ఇంకొరొనాతా వంటింటి వెనక గోడ ఆమెది కాదు. అది మా ఊరి పెద్ద చర్చిది. ఎనిమిది వందల ఏళ్ల కిందట కట్టిన గుండ్రటి రాతిగోడ. పొయ్యికి పైన అందులోంచి రాతి సింహం తల ఒకటి పొడుచుకొచ్చి ఉండేది. పిన్ని దాని పళ్లకు గరిటె తగిలించేది.

అలా చర్చిని అంటిపెట్టుకుని ఐదు ఇళ్లుండేవి. పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో, బాదం చెట్లు పూత రాల్చే రోజుల్లో, వాటిని కూల్చమని ఉత్తర్వు వచ్చింది. చర్చి ఏ అడ్డూ లేకుండా, పూర్వం ఉన్నట్టే కనిపించాలట. ఆ పని మేస్త్రీ అయిన మా నాన్న రుజ్జేరోకే అప్పగించారు. పిన్ని మా అమ్మకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లోవాళ్ల పరుపులు విప్పి, ఉన్ని ఏకి, మళ్లీ కుట్టి బతికేది.

"మరదలా, సామాను సర్దుకో. నీది నాలుగో ఇల్లు," అన్నాడు నాన్న.

"ముందు మూడోది కానివ్వు బావా, చూద్దాం."

రెండిళ్లు నేలమట్టమయ్యాక సింహం దవడ పక్కన వెంట్రుకంత బీట కనబడింది. బీట పెరిగితే విరిగి తెలిసేలా పిన్ని దాని మీద అడ్డంగా జిప్సం పట్టీ వేసి, మేకుతో తేదీ గీసింది. మూడో రోజుకు పట్టీ రెండు ముక్కలైంది. ఆ ముక్కలు రుమాల్లో కట్టుకుని, కూల్చే పని చూస్తున్న ఇంజనీరు సబాతెల్లి ఆఫీసుకు వెళ్లింది.

ఆయన మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు.

"ఇల్లు వదలడం ఎవరికైనా కష్టమేనమ్మా. అంతమాత్రాన గోడకు బీటలు పుట్టించకూడదు."

"పుట్టించింది నేను కాదు బాబూ, మీరు. వచ్చి చూడండి."

ఆయన రాలేదు. నాన్న కూడా నవ్వేశాడు. "పాతగోడ కదా! నీ మొహానికున్నట్టే దానికీ ముడతలుంటాయి."

"ముడత పాతదే అనుకో. పట్టీ మొన్నటిది. మేస్త్రీవి కదా, నువ్వే వేసి చూడు."

మూడో ఇంటి పైకప్పు దించిన రోజున నాన్న తన చేత్తోనే, బొటనవేలంత మందంగా పట్టీ వేశాడు. తెల్లారి చూస్తే నిట్టనిలువునా చీలి ఉంది. నాన్న పని ఆపేయమన్నాడు. బయటికొచ్చి గునపాలన్నీ బండిలోకి ఎత్తించాడు. ఈ పని పోతే మరోటి దొరకదని అమ్మ ఏడ్చింది. అయినా ఆయన వినలేదు.

పని ఆగిందని తెలిసి ఇంజనీరు పరుగున వచ్చాడు. పిన్ని గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్ని ఏకుతోంది.

"లే అమ్మా, దారియ్యి."

"లోపలికి దారిస్తాను. చూడకుండా మాత్రం బయటికి పోనివ్వను."

ఆయన గోడ దగ్గర నిలబడి జేబులోంచి తన పేరు అచ్చువేసిన కార్డు తీసి బీటలో పెట్టాడు. అది మొత్తం లోపలికి వెళ్లిపోయింది.

"గోడకు పోటు పెట్టడానికి దూలాలు తెప్పించు రుజ్జేరో. ఈ రోజే," అన్నాడు.

తవ్వి చూస్తే గోడ కింద రోమన్ల కాలం నాటి నీళ్ల తొట్టి ఉంది, బోలుగా, ఖాళీగా. ఇన్నాళ్లూ గోడ ఆ ఇళ్ల అడ్డుగోడల మీద ఆనుకుని నిలబడింది. తొట్టిని రాయితో నింపడానికి రెండేళ్లు పట్టింది. నేల పైన కూడా గోడకు ఒక లావుపాటి రాతి ఊతం కట్టాలని, దానికి పిన్ని ఇంటి స్థలం మొత్తం కావాలని ఇంజనీరు అన్నాడు.

"పడకగది తీసుకోండి. వంటిల్లు ఇవ్వను," అంది పిన్ని.

మూడుసార్లు ఆయన కాగితాలు పంపాడు. మూడుసార్లూ పిన్ని అదే జవాబిచ్చింది. చివరికి ఆయనే కొలతలు మార్చి గీయించాడు. ఆయనకూ ఆమె మీద గౌరవం కలిగిందని నాన్న అనేవాడు.

ఊతం పూర్తయిన రోజు నాన్న చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఇంతకీ నీకెంత మిగిలింది మరదలా?"

"కాళ్లు చాపుకునేంత. కూర్చో, భోంచేసి వెళ్దువుగాని."

ఉడికించిన ఎండు చిక్కుడు గింజలు, ఆకుకూర, ముందురోజు రొట్టె. పిన్నీ, నాన్నా, నేనూ ఆ వంటింట్లో మోకాళ్లు తగులుతుండగా తిన్నాం.