అమియకాంతి హాల్దార్ ఎవరు?

మా పేపర్లో పదకొండింటి మీటింగంటేనే నాకు ఒళ్లుమంట. బల్ల మీద ఆవనూనె కలిపిన మరమరాలు, చుట్టూ మేము, కొసన న్యూస్ ఎడిటర్ ప్రణబేశ్‌దా. ఎవరి దగ్గరున్న కథ వాళ్లు చెప్పాలి. నచ్చితే ఆయన తలూపుతాడు, నచ్చకపోతే మరమరాలు నములుతాడు. నేను నోరు తెరిచినప్పుడల్లా ఆయనకి ఆకలేస్తుంది.

చేరి ఏడాది కావస్తోంది. రాసినవన్నీ 'మా ప్రతినిధి' అనే అచ్చయ్యాయి. మొదటి పేజీకెక్కితేనే మాబోటివాళ్లకి పేరు వేస్తారు. బాగ్‌బజార్‌లో మా సందు టీకొట్టు నిమాయ్‌కాకాకి నేనంటే వేళాకోళం. "పేపర్లో పనట! మడతపెట్టే పనేమో!" అంటాడు. ఒక్కసారి నా పేరు అచ్చులో చూపించి ఆయన నోరు మూయించాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

"ఊఁ, నీ సంగతేంటమ్మా?" అన్నాడు ప్రణబేశ్‌దా.

"నిన్న మా సందు ఘోటన్‌దా కళ్ల పరీక్షకి ఆసుపత్రికెళ్తే, తోడుగా సగం సందు వెళ్లింది దాదా. నర్సు 'అమియకాంతి హాల్దార్!' అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. 'ఎవడ్రా ఈ హాల్దార్, చెవుడా?' అని మావాళ్లంతా తిట్లు లంకించుకున్నారు. అందరికంటే గట్టిగా తిట్టింది ఘోటన్‌దా."

ఆయన చెయ్యి మరమరాల వైపు కదిలింది. నేను గబగబా అందుకున్నాను. "ఆ హాల్దార్ ఘోటన్‌దానే! పుట్టినప్పట్నుంచీ అందరూ ఘోటన్ అని ముద్దుపేరుతోనే పిలిస్తే, పాపం, అసలు పేరు ఆయనకే తట్టలేదు."

"ఎవరు చచ్చారు, ఎవరు బతికారు? ఇందులో వార్తేదీ?" అంది చీఫ్ రిపోర్టర్ శిబానీదీ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీ పక్కింటివాళ్లకి మీ అసలు పేరు తెలుసా దీదీ? తెలుసని ఈ గదిలో ఒక్కరు చెప్పండి, నోరు మూసుకుంటాను."

హత్యలూ దొంగతనాలూ రాసే భారీమనిషి తరుణ్‌దా తల వంచుకుని, "నా పెళ్లి శుభలేఖ చూసి మా వీధివాళ్లు పెళ్లికొడుకు మారిపోయాడనుకున్నారు. అక్కడ నేను లాడ్డూని" అన్నాడు.

ఇక చూడండి! "నాకొచ్చిన పార్సిల్‌ని మా అమ్మే వెనక్కి పంపింది, అలాంటివాళ్లెవరూ లేరని!" అన్నాడు ఆటల పేజీ ఆయన. శిబానీదీ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. వాళ్లింట్లో ఆవిడ టెంపీ అట.

ప్రణబేశ్‌దా నమలడం ఆపేశాడు. "ఇంట్లో నేను పుచూ. ఈ మాట గది దాటిందో, మీ అంతు చూస్తా" అని, తనే ముందు పకపకా నవ్వేశాడు. "మొదటి పేజీ, కింద. పిల్ల పేరు వెయ్యండి."

ఎగిరి గంతేశాను. సిగ్గెందుకు, నిజంగానే గంతేశాను.

మర్నాడు పొద్దున్నే పేపరు పట్టుకుని టీకొట్టుకి పరుగెత్తాను. అప్పటికే నిమాయ్‌కాకా పైకి చదువుతున్నాడు. మధ్యలో ఘోటన్‌దా కొత్త పెళ్లికొడుకులా కూర్చున్నాడు. జనం విరగబడి నవ్వుతున్నారు.

చదవడం అయ్యాక కాకా పైనున్న పేరు కూడబలుక్కున్నాడు. "శ్రుతకీర్తి సర్కార్. ఆహా, ఏం రాసిందిరా ఆ పిల్ల!" అని నా వైపు తిరిగాడు. "చూసి నేర్చుకోవే బుచ్కీ, రాయడమంటే ఇదీ! మీ ఆఫీసేగా, తెలుసా ఆవిడ?"

మామూలుగా అయితే కొట్టు పీకి పందిరేసేదాన్ని. ఆ పూట ఎంత సంతోషంగా ఉందంటే, కోపం రమ్మన్నా రాలేదు.

"తెలుసు కాకా. మన సందే" అన్నాను.

"మన సందా! సర్కార్లు నాలుగిళ్లవాళ్లున్నారే, ఎవరింటి పిల్లబ్బా?" అంటూ అందరూ ఒక్కసారి లేచారు. ఒక్కొక్క ఇల్లూ తలుచుకుని వెతకసాగారు. నేను వేడి టీ ఊదుకుంటూ వింటూ కూర్చున్నాను.