ఒట్టి పంది కొవ్వు

నానక్‌రామ్‌గూడలో మమత పనిచేసే ల్యాబ్‌కు బేకరీల నుంచి నూనెలు, డాల్డాలు పరీక్షకు వస్తాయి. వాటిలో పంది కొవ్వు కలిసిందో లేదో ఇన్‌ఫ్రారెడ్ యంత్రం చెప్పాలంటే, అసలైన పంది కొవ్వు ఎలా ఉంటుందో ముందు దానికి చూపించాలి. బజారు సరుకును నమ్మలేమని మేనేజరు రామ్మోహనరావు అంటే, తెలిసినవాళ్ళ దగ్గర తెస్తానని మమత ఒప్పుకుంది. ఆ తెలిసినవాళ్ళు తన తల్లి లచ్చమ్మేనని మాత్రం చెప్పలేదు. లింగంపల్లి అవతల లచ్చమ్మ పందులు పెంచుతుందనీ, ఆ పందులే తనను ఎమ్మెస్సీ చదివించాయనీ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

లచ్చమ్మ కాచి ఇచ్చిన కొవ్వు కరిగించి చుక్క వేయగానే తెర మీద గీత వచ్చింది. అది పుస్తకాల్లో చూపే పంది కొవ్వు గీతలా లేదు. మేక కొవ్వు గీత వైపు జరిగింది. మళ్ళీ వేసినా అంతే.

చౌకైన పంది కొవ్వులో ఖరీదైన మేక కొవ్వు ఎవరు కలుపుతారని మమత అడిగింది.

"కావాలని కలపరమ్మా. ఒకే గిన్నెలో ఏవేవో కాచి ఉంటారు. పందులు మేపుకునేవాళ్ళకి శుభ్రత ఎక్కడిది?" అన్నారు రామ్మోహనరావు.

"అవును సార్," అంది మమత.

మెట్ల దగ్గరకు వెళ్ళి తల్లికి ఫోన్ చేసింది. గిన్నె కడిగావా లేదా అనే మొదట అడిగింది.

"మంచిగ తోమిన బిడ్డా. ఒట్టి పందిది పట్కపోతే ఆఫీసోళ్ళ ముంగట నీకు నామోషి అయితదని, మటన్ దుకాణంల అడిగి జర మేకది కలిపిన. ఏమన్నరు?"

నామోషి అన్న మాట మమతదే. కాలేజీకి రావొద్దని తల్లికి చెప్పినప్పుడు వాడిన మాట.

ఆమె తిరిగి లోపలికి వెళ్ళింది. "సార్, ఆ కొవ్వు కాచింది మా అమ్మ. గిన్నె శుభ్రంగానే ఉంది. మేకది నా కోసమే కలిపింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తెలియక అన్నానమ్మా, ఏమీ అనుకోవద్దన్నారు. తెలియనివ్వనిది తనే అయినప్పుడు ఆ మాట వింటూ ఎటు చూడాలో మమతకు తోచలేదు. వీలైతే ఇంకోసారి, ఏమీ కలపకుండా తెప్పించమని ఆయన నెమ్మదిగా అడిగారు.

మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఒట్టి పందిదే కావాలని చెప్పింది.

"ఇచ్చింది నేనని వాళ్ళకు ఎరుకనా?"

"చెప్పిన అమ్మా."

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా," అంది లచ్చమ్మ.