ఓగిసావా లోయ నుంచి రాని ఫారం

మిచిరు మూడోసారి ఫోన్ చేసినా ఓగిసావా ఆసుపత్రిలో నర్సు తొగావే ఎత్తింది.

"మళ్ళీ మీరేనా తల్లీ? పిల్లల డాక్టరుగారు వెళ్ళిపోయి రెండేళ్ళు దాటిందని చెప్పాను కదండీ. వార్డుకి తాళం. ఫారం నింపడానికి నేనెవర్ని?"

"మరి జ్వరమొచ్చిన పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అంది మిచిరు.

"ఓపికున్నవాళ్ళు కొండ దాటి పట్నానికి. కళ్ళు ఎర్రబడితే ఇక్కడి కళ్ళ డాక్టరు దగ్గరికి."

మిచిరుకి ఒళ్ళు మండింది. విశ్వవిద్యాలయంలో పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని కవాసాకీ జబ్బు లెక్కలే. రెండేళ్ళకోసారి దేశమంతా ఆసుపత్రులకి ఫారాలు పంపాలి, రానివాటి వెంటపడాలి. పసివాళ్ళ రక్తనాళాలు వాచి గుండెదాకా పాకే ఆ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా గ్రాఫులో కేసుల గీతే. ఏళ్ళ తరబడి పైకి పాకి, కరోనా ఏడాదిలో దబ్బున పడింది.

"ఆ లోయకి సున్నా వేసెయ్యమ్మా, శుక్రవారం నివేదిక పోవాలి" అన్నాడు ఆమె పై అధికారి ప్రొఫెసర్ హిరబయాషి.

"అక్కడ చూసే డాక్టరే లేడు సార్! పట్నం జాబితాలో ఆ లోయ పిల్లలు ఒక్కరూ లేరు. కరోనాకి ముందు లోయ ఫారంలోనే పదకొండు మంది ఉన్నారు."

"ఒక్క లోయతో దేశం గీత మారిపోతుందా?"

"ఇలాంటివి ఎన్నున్నాయో ఎవరు చూశారు సార్?"



మర్నాడు మిచిరు సెలవు పెట్టి ఓగిసావా బస్సెక్కింది. కళ్ళ డాక్టరు సకాకిబర ముసలాయన.

"ఐదురోజుల జ్వరం, ఎర్రకళ్ళు... నిరుడు ముగ్గురొచ్చారు. చుక్కలమందిచ్చాను. పేర్లు మాత్రం అడక్కు, చెప్పను."

"నాకు చెప్పొద్దు. వాళ్ళకి మీరే ఫోన్ చేసి గుండె స్కాన్ చేయించమనండి. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"కాళ్ళెందుకులే" అని విసుక్కుంటూనే ఒక తల్లికి చేశాడు. "గెంతులేస్తున్న పిల్లకి గుండేంటండీ?" అందావిడ. చివరికి ఒప్పుకుంది.

మూడువారాలకి పట్నం నుంచి కబురొచ్చింది. ఆ నాలుగేళ్ళ పాప గుండె నాళం ఒకచోట ఉబ్బిపోయి ఉంది. మందులు మొదలుపెట్టారు.

మిచిరు పరుగున ప్రొఫెసర్ గదికి వెళ్ళింది.

"ఆ జ్వరం కవాసాకీయేనని రాసిచ్చిన డాక్టరున్నాడా? లేడు. నియమం ప్రకారం లెక్కలో చేర్చలేమమ్మా" అన్నాడాయన, తలెత్తకుండా. "నివేదిక కూడా వెళ్ళిపోయింది."

ఆమె తలుపు ధడాలున వేసి బయటికొచ్చింది. తెచ్చుకున్న అన్నం ముద్ద ముట్టలేదు. మిగతా ఇద్దరి సంగతేమిటని సకాకిబరకి ఉత్తరం రాసింది. ఆయన ఇంతవరకూ జవాబివ్వలేదు.