వేదవల్లి బొటనవేలు

"ఏమే, వేలిముద్ర వెయ్యమంటే మసి పూస్తావేంది?" అన్నాడు మొగుడు వరదరాజులు, అందరూ వినేలా.

వేదవల్లి సిరా అంటిన బొటనవేలిని గుప్పిట్లో దాచుకుంది. ఆస్తి కాగితాలు రాసే నొత్తేరు కచేరిలో కొత్తగా వచ్చిన పద్ధతి ఇది. ముద్రను భూతద్దంలో చూస్తే ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోతుందట, మోసానికి తావే ఉండదట. మొగుడి ముద్ర పడింది, సాక్షులవీ పడ్డాయి. ఆమెది మాత్రం ఎన్నిసార్లు అద్దినా ఉత్త నలుపు.

గుమాస్తా దొరైస్వామి భూతద్దం దించాడు. "గీతలే లేవే! ఈయమ్మ చేతుల్తో ఏం చేస్తాది సామీ?"

"ఏం చేస్తాది? ఇంట్లోనే ఉంటాది."

అవును, ఇంట్లోనే ఉంటుంది. పొద్దున్నే పేడతో మొదలుపెట్టి, బూడిదా చింతపండూ వేసి ఇత్తడి గుండిగలు తోమి, రుబ్బి, ఉతికి, ఆ మొగుడి తమలపాకుల అంగడికే సున్నం నానబెట్టి చేత్తో పిసికి వడకట్టేంత తీరిగ్గా ఉంటుంది. ఆ అద్దానికి అరగని వేళ్ళే మనుషుల వేళ్ళు కాబోలు. ఈ పత్రంతో అమ్మేది కోసపాళయంలో ఆమె తల్లి రాసిచ్చిన పెంకుటిల్లు. "ఎవురన్నా పొమ్మంటే పొయ్యేదానికి నీకొక తలుపుండాల" అని ఇచ్చింది తల్లి. అంగడి పెద్దది చెయ్యాలి, అమ్మేద్దాం అన్నాడు మొగుడు. "నీదేంది, నాదేంది, అంతా మనదే కదా" అన్నాడు. ఆమె తలూపింది. పెళ్ళయిన నాటి నుంచీ తలూపడమే అలవాటు. ఇప్పుడు ముద్ర పడకపోయేసరికి సిగ్గుతో తల దించుకుంది గానీ, లోపల మాత్రం ఎవరో "అమ్మయ్య" అన్నారు. అన్నది తనేనని తెలిసి హడలిపోయింది.

"చేతికి నీళ్ళూ, బూడిదా, సున్నమూ తగలనీకండి. ఆముదం రాయండి. గీతలు మళ్ళా వస్తాయి," అన్నాడు గుమాస్తా.

అలా ఆమె బొటనవేలు ఇంటిల్లిపాదికీ దేవుడైపోయింది. "దాన్ని ఏదీ ముట్టుకోనీకమ్మా!" అని వరదరాజులు తల్లికి గట్టిగా చెప్పాడు. సున్నం తనే పిసికి, మంటలని గంతులేశాడు. అత్త తాయారు గుండిగల ముందు కూలబడి శాపనార్థాలు పెట్టింది. వేదవల్లి మొదట్లో తప్పు చేసినదానిలా గుమ్మంలో ఒదిగి కూర్చుంది. తర్వాత కాళ్ళు చాపుకుంది. పట్టపగలు నిద్రపోయింది. లేచాక ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, తన ఆలోచన తనకు వినబడసాగింది. ఎంత హాయి!

ఒక మధ్యాహ్నం తాయారు తోముతున్న చెంబు పక్కన పెట్టి, తన బొటనవేలిని వెలుతురులో తిప్పి చూసుకుంది. "నాకూ లేవే గీతలు. యాడ పోయినాయో ఒకరూ అడగలా," అంది. వేదవల్లి ఆ చేతిని దగ్గరికి లాక్కుని ఆముదం రాసింది. అత్త వద్దనలేదు.

వరదరాజులు రోజూ కిటికీ దగ్గర భార్య వేలు పట్టుకుని చూసేవాడు. ఆమె ముఖాన్ని ఏనాడూ అంత శ్రద్ధగా చూసింది లేదు. ఒకరోజు, "వచ్చినాయే!" అని కేకేశాడు. అతను అంగడికి వెళ్ళాక ఆమె ఒక్కతే చూసుకుంది. సన్నటి గీతలు, మధ్యలో చిన్న సుడి. పుట్టినప్పుడే తెచ్చుకున్న సొంత సొమ్ము. కళ్ళు చెమర్చాయి.

మళ్ళీ కచేరి. దొరైస్వామి ఆమె వేలికి సిరా పూసి, పక్కన తెల్లకాగితంపై అద్ది చూసి మురిసిపోయాడు. "ఎంత బాగా పడిందమ్మా! ఇంక పత్రం మీద పెట్టు."

వేదవల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను ఇల్లు అమ్మను."

ఎన్నేళ్ళ బరువో దిగినట్టు ఊపిరి ఆడింది.

"ఏంది? ముందే చెప్పుండొచ్చు గదా! ఆ పొద్దు ముద్ర పెట్టేదానికి వచ్చినావే!" అని అరిచాడు వరదరాజులు.

"ఆ పొద్దు నాకు వేలు యాడుండింది?" అంది వేదవల్లి.